నాలుకకు తగలని జావ

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. వెంటిలేటర్ మీద ఉన్న రోజుల్లో, ముక్కులోని గొట్టంలోంచి తిండి పొయ్యబోతూ నర్సు "పొయ్యనా?" అని అడిగితే నేను వద్దన్నాను. ఒకసారి కాదు, వరసగా అన్నాను. కడుపులో మంటను కనిపెట్టి వద్దన్నానని మా ఇంట్లో అందరి నమ్మకం. మా కోటత్తయితే ఈ కథను నల్లపాడు స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెబుతుంది. "నోరు లేకపోయినా మా పిల్ల కళ్ళతోనే పట్టేసింది" అంటుంది.

మంట ఉన్న మాట నిజమే. కాని నేను వద్దన్నది మంటకు కాదు. లోపలికి ఏమీ పోకపోతే బయటికి ఏమీ రాదని. బయటికి ఏమీ రాకపోతే నన్నెవరూ కడగక్కర్లేదని. నన్ను బతికించడానికి అంతమంది తిప్పలు పడుతుంటే నేను సిగ్గుపడి తిండి మానేశాను.

ఆ సిగ్గు మీద నాకిప్పుడు పట్టరానంత కోపం. ఇది ఆ కోపంతో రాస్తున్నదే. కాబట్టి ఇందులో విరేచనాల మాట చాలాసార్లు వస్తుంది. ఇబ్బందిగా ఉన్నవాళ్ళు ఇక్కడే ఆపెయ్యవచ్చు.

ఫిబ్రవరి

నా పేరు ఇందు. ఇరవై మూడేళ్ళు. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె, మిరప, పత్తి వేస్తాం. గుంటూరు హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతున్నాను. టీచరు కాబోయేదాన్నే గాని, జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తేదాన్ని కాదు. పెళ్ళి భోజనాల్లో రెండోసారి కూర అడగలేను. బస్సు ప్రయాణం ఉందంటే ముందు పూట నుంచే మంచినీళ్ళు మానేస్తాను. హాస్టల్లో వరండా ఖాళీ అయ్యేదాకా ఆగి బాత్రూముకు వెళ్ళే మనిషిని. నా మాటలన్నీ డైరీతోనే. మిగిలిన పొద్దు లైబ్రరీ పుస్తకాలతో.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో వేళ్ళ చివర్లు జివ్వుమనడం మొదలైంది. సెలవుకు ఇంటికెళ్ళి కళ్ళంలో మిరపకాయలు ఏరినందుకేమో అనుకున్నాను. తర్వాత కాళ్ళు లేవలేదు. ఆ తర్వాత గుటక పడలేదు. ఆ తర్వాత ఊపిరి. గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి మెడ కూడా నిలపలేకపోతున్నాను. నరాల జబ్బన్నారు. రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి బలగమే దారి తప్పి మన నరాల మీద పడుతుందట. "తగ్గుతుందమ్మా, కాని చాలా టైం పడుతుంది" అన్నారు డాక్టరుగారు. అమ్మ మొదటి సగమే విన్నది.

నోట్లో ఊపిరి గొట్టం, ముక్కులో తిండి గొట్టం. ఒళ్ళు కదలదు గాని తెలివి పూర్తిగా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియక నా మంచం పక్కనే నిలబడి నా గురించి మాట్లాడేవారు. కనురెప్పలు మాత్రం నా మాట వినేవి. నసీమా సిస్టర్ అనే నర్సు అది గమనించి, "ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. సరేనా ఇందూ?" అంది. ఒకసారి మూశాను. ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ నన్ను అడగకుండా నా ఒంటిలోకి ఏదీ పొయ్యలేదు.

గొట్టంలోంచి పోసే తిండికి రుచి ఉండదు. గొంతు వెనకగా చల్లటి గీత ఒకటి దిగుతుంది, కాసేపటికి కడుపు బరువెక్కుతుంది. అంతే భోజనం. మళ్ళీ పోసేముందు గొట్టానికి సిరంజి తగిలించి వెనక్కి లాగి, అంతకుముందు పోసింది అరిగిందో లేదో చూస్తారు. అరక్కుండా ఎక్కువ వస్తే ఆ పూట తిండి లేదు. సిరంజి నిండుతుంటే పచ్చగా, పుల్లటి వాసనతో కనిపించేది. నాకది పరీక్ష ఫలితంలా ఉండేది. రోజూ ఫెయిలే.

మొదట డబ్బా పొడి కలిపి పోశారు. కడుపు డోలులా ఉబ్బింది. డాక్టరుగారు వేళ్ళతో తడితే ఖాళీ బిందె మీద కొట్టినట్టు మోగింది. నాన్నతో నా మంచం దగ్గరే చెప్పారు. "మిషన్ తీయాలంటే ఊపిరి తీసే కండలకు బలం కావాలి. బలానికి తిండి పట్టాలి. కడుపు పట్టనంటోంది. ఇలాగే ఉంటే రక్తనాళంలోకి ఎక్కించాలి, దాంతో ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది." నాన్న తల ఊపాడు. మిరప ధర చెప్పినా, వాన కబురు చెప్పినా ఆయన అలాగే ఊపుతాడు. ఆ తర్వాత నా పాదం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

అప్పుడు నాకు బోధపడింది. ఊపిరికి మిషను ఉంది. కడుపుకు లేదు. అది తన పని తానే చెయ్యాలి. చేస్తేనే నేను ఆ గొట్టం నుంచి బయటపడతాను.

నేను చదివిన నవలల్లో మనుషులకు జబ్బులు చేస్తాయి. దగ్గుతారు, పాలిపోతారు, కిటికీలోంచి ఆకాశం చూస్తూ గొప్ప మాటలు చెబుతారు. ఒక్కరికీ కడుపుబ్బరం ఉండదు. ఒక్కరికీ పక్కదుప్పటి మార్చాల్సిన అవసరం రాదు. ఇన్ని పుస్తకాలు చదివితే ఒక్కటీ ఈ రోజు గురించి నాకు చెప్పలేదే అని ఆ మంచం మీద పడి ఉండగానే కోపం వచ్చింది. జబ్బులో నాకు వచ్చిన మొదటి కోపం అది.

మార్చి

నోట్లోని గొట్టం తీసి మెడకు చిన్న రంధ్రం చేసి ఊపిరి గొట్టం అక్కడ పెట్టారు. పెదవులకు గొట్టం బాధ తప్పింది గాని అవీ కదలవు, మాట రాదు. డబ్బా పొడి పడలేదు కాబట్టి ఇంటినుంచి పలచటి జావ, పెసరకట్టు తెచ్చి చూడమన్నారు. బాగా వడకట్టాలి, శుభ్రంగా ఉండాలి అని మరీమరీ చెప్పారు.

అమ్మకు ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం తప్ప ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇప్పుడు పనుంది. మా మేనత్త కోటేశ్వరమ్మది, అదే కోటత్తది, గుంటూరు పక్కనే నల్లపాడు. ఆమె వంటింట్లో అమ్మ తెల్లారకముందే లేచి, తలకు పోసుకుని, రాత్రే నానేసిన రాగులు రుబ్బి, పాలల్లో కాచి, ఉతికిన పంచె గుడ్డలో పోసి చేత్తో పిండేది. అత్త సాయానికొస్తే రానిచ్చేది కాదు. గరిట అంచు కూడా నోటికి తాకించేది కాదు. ఎంగిలి తగిలితే బిడ్డకు పట్టదని ఆమె భయం. దేవుడి నైవేద్యానికైనా అంత మడి కట్టి ఉండదు.

నేనున్న గదిలోకి ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపే రానిచ్చేవారు. మధ్యలో అమ్మ బస్సెక్కి ఊరికి పోయేది. మా మిరపకాయలు కళ్ళంలో ఎండి ఉన్నాయి. తాలు కాయలు ఏరి, బస్తాలకెత్తాలి. కూలీలు దొరకడంలేదు. వాన పడితే ఏడాది పోతుంది. "ఇక్కడ కూకుంటే పిచ్చెక్కుద్ది, అక్కడైతే చేతులు ఆడతా ఉంటయి" అనేదట. సాయంత్రానికి తిరిగొచ్చి సబ్బుతో చేతులు రుద్దిరుద్ది కడుక్కుని నా దగ్గరికొచ్చేది.

ఇంటి జావ మొదలైన మర్నాడే కడుపు కదిలింది. కదిలి, ఇక ఆగలేదు. పొద్దస్తమానం విరేచనాలు. కడుపులో ఎక్కడో నిప్పుకణిక పెట్టినట్టు, బయటికి వచ్చేచోట అంతకంటే ఎక్కువగా మంట. అందరూ అమ్మ చేతి జావ పడిందని సంతోషించి, సాయంత్రానికి భయపడ్డారు.

నన్ను శుభ్రం చేసేది మరియమ్మ. ఒంగోలు వైపు మనిషి, ఆ వార్డులో ఆయా. తెర లాగి, ఒక్కో చోటే దుప్పటి తీస్తూ, కడిగిన చోట వెంటనే కప్పేస్తూ చేసేది. గోరువెచ్చని నీళ్ళు ముందు తన మణికట్టు మీద పోసుకుని చూసేది. చేస్తున్నంతసేపూ తాను చూసే టీవీ సీరియల్ కథ చెబుతుండేది. "ఆ అత్త ఉందే, ఇయ్యాల కోడలి నగలు దాచింది, దానికి మూడుద్దిలే." ఆమె ఎంత మర్యాదగా చేస్తే నాకు అంత సిగ్గేసేది. కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. "నువ్వు కళ్ళు మూసుకుంటే నాకు కనపడవనుకున్నావా తల్లీ?" అని నవ్వేది.

ఒక ఉదయం నసీమా సిస్టర్ జావ గ్లాసు పట్టుకొచ్చి "పొయ్యనా?" అంది. రెండుసార్లు మూశాను. పొరపాటనుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ రెండుసార్లు. ఆ పూట పొయ్యలేదు. మధ్యాహ్నమూ అంతే. పుట్టినప్పటినుంచీ ఎవరికీ వద్దు అని చెప్పలేని నేను, మొదటిసారి చెప్పిన వద్దు ఇది. చెప్పినందుకు లోపల కాస్త గర్వంగా కూడా ఉంది, దాచడమెందుకు.

డాక్టరుగారు అమ్మానాన్నలను పిలిచి, మనసు కుంగి ఉంటుంది, మాట్లాడి చూడండి, రేపటికీ ఇలాగే ఉంటే వేరే దారి చూద్దాం అన్నారు.

సాయంత్రం అమ్మ వెనకే కోటత్త కూడా వచ్చింది. ఒక్కరినే పంపుతానని వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "మా వదిన సగమైపోయిందయ్యా. ఇద్దరం కలిసినా ఒకటిన్నరే. ఆ అర మనిషికి ఇంత రాద్ధాంతమా?" అని అతను తేరుకునేలోపు లోపలికొచ్చేసింది. అమ్మ నా తల దగ్గర నిలబడి ఏడుస్తోంది. నసీమా సిస్టర్ ఆ పూట జావ గ్లాసు పట్టుకుని అక్కడే ఉంది. అత్త నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏమే పిల్లా, తిండొద్దన్నావంట? నిరాహారదీక్షా? ఎవరి మీదే?"

నాకు నవ్వొచ్చింది. మొహం కదలదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"నెప్పిగా ఉందా?"

రెండుసార్లు మూశాను.

"వాంతొచ్చేట్టుందా?"

రెండుసార్లు.

"మంటా?"

ఒకసారి మూశాను. అబద్ధం కాదు. కాని ఆమె అడగని ప్రశ్న ఒకటుంది. అడిగితే దానికీ ఒకసారే మూసేదాన్నేమో.

"జావకి మంటేంది?" అని అత్త నసీమా సిస్టర్ చేతిలోని గ్లాసు లాక్కుంది.

"ఎంగిలి చెయ్యబాకే కోటేశ్వరీ!" అని అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎంగిలేంది నా మొహం! దాని నాలిక్కి ఎటూ తగలదు. ఎవరో ఒకరి నాలిక్కన్నా తగలాలా వద్దా?"

ఒక గుక్క తాగింది. ఆగింది. పెదవులు తడుముకుంది. ఇంకో గుక్క తాగింది.

"వదినా, కారం వేశావా?"

"నీకేమన్నా పిచ్చా? పాలు, రాగులు. ఉప్పు గల్లు కూడా వెయ్యలా."

"చుర్రుమంటంది."

నసీమా సిస్టర్ వేరే గ్లాసులోకి కొంచెం వంచుకుని రుచి చూసింది. చిన్నగా దగ్గింది. అత్త అమ్మ వైపు చూసింది. ఉన్నట్టుండి అమ్మ కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు నాలుకకు తాకించుకుంది.

"నీ చేతులు, వదినా" అంది. గొంతు మొదటిసారి తగ్గింది.

మిరపకాయల్లో పనిచేసిన చేతుల సంగతి మా వైపు అందరికీ తెలుసు. సబ్బుకు పోదు. గోళ్ళ సందుల్లో, చర్మం గీతల్లో రోజుల తరబడి ఉంటుంది. ఆ కాలంలో చంటిపిల్లలకు నీళ్ళు పొయ్యాలన్నా, కాటుక పెట్టాలన్నా కళ్ళానికి పోని వాళ్ళను పిలుస్తారు. అమ్మకూ తెలుసు. కాని నేను చంటిపిల్లను కాదుగా. ఆమె చేతులకేమో ఆ మంట ఏనాడో అలవాటైపోయింది. వేడి పాలజావను గుడ్డలో పోసి, ఒక్క చుక్క కూడా వృథా పోకుండా, ఆ చేతులతోనే పిండిపిండి నాకు పంపింది.

అమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. కొంగులో చుట్టేసుకుంది. ఎప్పుడూ వెళ్ళేముందు నా నుదురు నిమిరేది. ఆ సాయంత్రం నిమరలేదు.

ఏప్రిల్

ఆ తర్వాత కూడా అమ్మ రోజూ వచ్చింది. మంచానికి జానెడు దూరంలో, చేతులు కొంగులో దాచుకుని నిలబడేది. "నీళ్ళు గూడా నన్ను తాకనియ్యబాక కోటేశ్వరీ" అని వంటగదిలోకే పోవడం మానేసిందట. అమ్మా, నేను తిండొద్దన్నది నీ చేతుల వల్ల కాదు అని చెప్పాలనిపించేది. అవును, కాదు అనే రెండు మాటల్లో అది ఎలా చెప్పడం?

నేను వద్దన్న ప్రతిసారీ అది అమ్మ చేతుల మీదికే పోతుందని అర్థమైంది. నా సిగ్గు పెద్దదా, ఆ చేతులు పెద్దవా? నసీమా సిస్టర్ "పొయ్యనా?" అన్నప్పుడు ఒకసారి మూశాను. పొయ్యండి. అరిగితే అరుగుతుంది, లేకపోతే పక్క పాడవుతుంది. పాడైతే కడుగుతారు. కడిగేటప్పుడు కళ్ళు మూసుకోను. ఇది నేను ఆ రోజు ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా అనుకున్న మాట. మరుసటిసారి మరియమ్మ తెర లాగినప్పుడు ఆమె మొహంలోకే చూశాను. "అబ్బో, ఇయ్యాల రాణిగారి దర్శనమైందే!" అంది.

కోటత్త చేతుల మీదికి జావ మారింది. చెయ్యి తగలకుండా టీ వడకట్టే జల్లెడలో గరిటెతో వడకట్టేది. ప్రతి గ్లాసూ తాను ముందు తాగి, "ఇంత చప్పటిది నాకు పోస్తే పోసినోళ్ళ మొహాన కొడతా" అని సర్టిఫికెట్ ఇచ్చి పంపేది. డాక్టరుగారు మాత్రం తప్పంతా కారానిదే కాదన్నారు. జబ్బు వల్ల పేగులు మందగిస్తాయి, మందుల వల్ల కూడా విరేచనాలు అవుతాయి, అన్నీ కలిశాయి అన్నారు. మంట తగ్గింది, విరేచనాలు తగ్గాయి. ఆ తర్వాత కడుపు మళ్ళీ మొండికేసి రోజుల తరబడి అసలు కదలలేదు. ఉబ్బింది. తిండి సగం చేశారు. మళ్ళీ పెంచారు. ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కి. సిరంజి వెనక్కి లాగినప్పుడు నేను దాన్ని కోపంగా చూసేదాన్ని. నువ్వా, నేనా అన్నట్టు.

ఒక మధ్యాహ్నం సిరంజి దాదాపు ఖాళీగా వచ్చింది. ఆ సాయంత్రమే, మామూలు మనుషులకు అయినట్టు, సాఫీగా విరేచనమైంది. మరియమ్మ తెర తియ్యకుండానే "సిస్టరమ్మా, అయింది!" అని కేకేసింది. కబురు బయటి హాలుకు పోయింది. కోటత్త లేచి నిలబడి అక్కడున్న అందరికీ వినపడేట్టు, "మా ఇందుకి సాఫీగా అయిందంటయ్యా!" అని ప్రకటించింది. పక్క మంచం మీద తమ్ముడున్న వాడరేవు మత్స్యకారుడు ఒకాయన వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడట. ఎవరో బిస్కెట్ ప్యాకెట్ విప్పి పంచారట. తర్వాత ఇది విన్నప్పుడు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇప్పుడు మాత్రం, నా డిగ్రీ పాసైన రోజు కూడా అంతమంది సంతోషించలేదు అని గొప్పగానే చెప్పుకుంటున్నాను.

తిండి పట్టింది. మిషన్ ముందు కాసేపు, తర్వాత పూటంతా తీసి చూశారు. నెలాఖరుకు నా ఊపిరి నేనే తీసుకుంటున్నాను.

మే

మెడ దగ్గరి రంధ్రం మూశారు. బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టు గొంతు వచ్చింది. మింగడం మళ్ళీ నేర్చుకున్నాను. ముక్కులో గొట్టం తీసిన రోజు మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టవచ్చన్నారు. అమ్మ చెంచా తీసింది. ఆమె కళ్ళానికి పోవడం మానేసి చాలా రోజులైంది. మిరప పనే అయిపోయింది.

"చేత్తో పెట్టు" అన్నాను.

"చెంచా ఉందిగా అమ్మా."

"చేత్తోనే."

అమ్మ చెంచా కింద పెట్టింది. తర్వాత వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. వేళ్ళు తన నాలుకకు తాకించుకుంది. అది చాలక అత్త వైపు చాపింది. "చూడు కోటేశ్వరీ." అత్త రుచి చూసి, "ఏం లేదులే, నీ కష్టం తప్ప" అంది. అమ్మ మళ్ళీ చేతులు కడుక్కుని ముద్ద కలిపి పెట్టింది.

ఉప్పెక్కువైంది. ఎక్కువైందని చెప్పాను.

"రుచి చూళ్ళేదుగా మరి, ఎంగిలవుద్దని" అంది అమ్మ. అత్త పడీపడీ నవ్వింది.

ఇప్పుడు

చేతికర్రతో నడుస్తున్నాను. నా డైరీలో ఆ నెలల పేజీలన్నీ ఖాళీ. ఇది వాటి బదులు. మొన్న ఇంటికొచ్చిన చుట్టాలావిడ, "పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఆ ఐసీయూ గలీజు సంగతులు పదిమందిలో చెప్పబాకమ్మా" అంది. పాత అలవాటు కొద్దీ తల ఊపాను. ఆవిడ వెళ్ళాక కూర్చుని ఇది మొదలుపెట్టాను. గలీజంటే ఏది? నన్ను బతికించిందా?

మీ మనిషి ఎవరైనా అలా గొట్టాల మధ్య పడుకుని ఉంటే, వాళ్ళకు తెలివి ఉందనే అనుకుని మాట్లాడండి. వాళ్ళకోసం కాచింది ఏదైనా మీలో ఒకరు నాలుక మీద వేసుకుని చూడండి. వద్దు అంటే నొప్పా, మంటా అని అడగడంతో ఆగకండి, సిగ్గా అని కూడా అడగండి. ఆ మంచం మీద ఉన్నది మీరే అయితే, తినండి. కడగడానికి మనుషులున్నారు. ఉబ్బినా, జారినా, మొండికేసినా ఆ కడుపు మీదే. దాన్ని ఎవరి మర్యాద కోసమూ మాడ్చకండి.

కాలేజీకి తిరిగి వెళ్ళిన వారంలో, పాఠం మధ్యలో చెయ్యెత్తాను. అందరూ తిరిగి చూశారు. "మేడమ్, బాత్రూముకు వెళ్ళాలి" అన్నాను, వెనక బెంచీ వరకు వినపడేట్టు. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళొచ్చాను.

చెకప్‌కు వెళ్ళినప్పుడల్లా మరియమ్మ కోసం చూస్తాను. ఆమె అక్కడ మానేసి ఎటో వెళ్ళిపోయిందట, ఎవరికీ సరిగా తెలియదు. అంచేత డిశ్చార్జి రోజు లిఫ్టు దగ్గర అన్నవే ఆమె నాతో అన్న చివరి మాటలయ్యాయి. నా చక్రాల కుర్చీని లోపలికి తొయ్యడానికి ఆమే వచ్చింది. ఆ బొంగురు గొంతుతోనే, "నీకు చాలా పని పెట్టాను మరియమ్మక్కా, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది" అన్నాను. ఆమె నా ఒళ్ళో దుప్పటి సర్ది, లిఫ్టు తలుపు మూసుకోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టి, నవ్వింది.

"సిగ్గుపడబాక తల్లీ. బతికున్నోళ్ళకేగా వచ్చేది. పోయి కడుపు నిండా తిను."